మందు కలిపే చేతికి నేర్పండి: పత్తి, మిరప ఊళ్లలో పురుగుమందుల జాగ్రత్తలపై శిక్షణ నడిపే పద్ధతి

పురుగుమందు విషమని రైతుకు కొత్తగా చెప్పక్కర్లేదు. మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటే ఆ మాట చెబుతుంది. అయినా ఒట్టి కాళ్లతో, చొక్కా చేతులు పైకి మడిచి మందు కొట్టేవాళ్లు ఏ ఊరి పత్తి చేలో చూసినా కనిపిస్తారు. "మాస్కు పెట్టుకోండి, గ్లౌజులు తొడుక్కోండి" అని రైతు వేదికలో గంటసేపు మైకులో చెప్పి, టీ తాగించి పంపిస్తే మర్నాడు చేలో ఏమీ మారదు.

ఊళ్లో ఇలాంటి శిక్షణ నడపాల్సినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏఈఓలు (వ్యవసాయ విస్తరణ అధికారులు), రైతు సేవా కేంద్రాల సిబ్బంది, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లు, తమ ఊరివాళ్లకు తామే చెప్పుకుందామనుకునే కుర్ర రైతులు ఎవరైనా వాడుకోవచ్చు. ఉదాహరణలన్నీ పత్తి, మిరపల నుంచే తీసుకున్నాను. మన దగ్గర మందు విపరీతంగా పడేది వాటి మీదే.

మొదటి అడుగు: ఎవరిని పిలవాలో తేల్చుకోండి

మీటింగుకు వచ్చేది పట్టాదారు పాసుపుస్తకం ఉన్నాయన. మందు కొట్టేది చాలాసార్లు ఇంకొకరు. ట్యాంకుకు ఇంత అని మాట్లాడుకుని వచ్చే కూలీ కావచ్చు, కౌలు రైతు కావచ్చు, సెలవులకు ఇంటికొచ్చిన కొడుకు కావచ్చు. డ్రమ్ములో నీళ్లు నింపేది, మందు కలిపి అందించేది ఇంటావిడ. మందు తడిసిన బట్టలు ఉతికేదీ ఆవిడే. సొంత చేలో కొట్టుకునే రైతుకు ఒక పిచికారీకీ మరో పిచికారీకీ మధ్య వారం పది రోజులు దొరుకుతాయి. కూలీకి ఆ విరామం ఉండదు. ఇవాళ ఒకరి చేను, రేపు ఇంకొకరిది. ఊళ్లో అందరికంటే ఎక్కువ మందు ఒంటికి పట్టించుకునేది అతనే. కాబట్టి పేర్లు రాసుకునేటప్పుడు "మీ ఊళ్లో ట్యాంకుల లెక్కన కొట్టేవాళ్లెవరు?" అని అడిగి వాళ్ల ఇళ్లకు వెళ్లి పిలవండి.

పగటిపూట పెడితే కూలీ రాలేడు. రాత్రి ఏడు దాటాక, బడి దగ్గరో రచ్చబండ దగ్గరో పెట్టండి. చేలో చేసి చూపే భాగానికి మాత్రం ఒక ఉదయం కావాలి. ఆ పూట కూలి పోతుంది కాబట్టి దానికి ఏదైనా ఏర్పాటు చేయగలిగితే మంచిది. ఆడవాళ్లకు విడిగా ఒక పూట పెట్టండి. మగవాళ్ల ముందు వాళ్లు అడగని ప్రశ్నలు చాలా ఉంటాయి, ముఖ్యంగా కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు మందు ముట్టుకోవచ్చా అన్నది. ముట్టుకోకూడదు. ఆ సమయంలో ఆ పని ఇంట్లో ఇంకెవరికి అప్పగించాలో కూడా అక్కడే మాట్లాడించండి.

పాతిక మందికి మించితే అది సభ అయిపోతుంది. పత్తికైతే జులైలోనే ముగించండి. ఆగస్టు దాటాక ఎవరికీ తీరిక ఉండదు.

రెండో అడుగు: "నాకేం కాలేదు" అనే పెద్దాయనకు జవాబు సిద్ధం చేసుకోండి

ప్రతి ఊళ్లో ఒకాయన లేస్తాడు. "ముప్పై ఏళ్లుగా కొడుతున్నా సారూ, చేత్తోనే కలుపుతా. నాకేమైంది?" ఆయనతో వాదనకు దిగొద్దు. "మందు కొట్టిన రోజు రాత్రి తలనొప్పి వస్తుందా పెద్దయ్యా? కళ్లు మంటా? అన్నం సయిస్తుందా?" అని అడగండి. చాలామంది వస్తుందనే అంటారు. "అది ఎండకు" అని కూడా అంటారు. చర్చ అక్కడ మొదలవ్వాలి.

ఆ తర్వాత యవత్మాల్ సంగతి చెప్పండి. అది ఆదిలాబాద్‌ను ఆనుకుని ఉన్న మహారాష్ట్ర జిల్లా. అదే నల్లరేగడి, అదే పత్తి. 2017 వానాకాలంలో అక్కడ పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. వాళ్లెవరూ మందు తాగలేదు, కొట్టారంతే. ఆ ఏడు చేలు మనిషి ఎత్తుకు పెరగడంతో లాన్సు (మందు చిమ్మే గొట్టం) పైకెత్తి కొట్టారు, తుంపర ముఖం మీదే పడింది. గాలాడని ఉక్క. ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ లాంటివి కలిపి వరుసగా రోజుల తరబడి పిచికారీ చేశారు. వాళ్లలోనూ ఏళ్ల తరబడి కొట్టినవాళ్లు ఉన్నారు. చేను ఎత్తు, గాలి, కలిపిన మందు మారితే పాత అనుభవం అక్కరకు రాదని పెద్దాయనకే తడుతుంది.

మూడో అడుగు: నీలం నీళ్లతో చేసి చూపండి

మొత్తం శిక్షణలో ఒక్కటే చేయగల టైముంటే ఇదే చేయండి.

కావలసినవి: తెల్లని పాత ఫుల్ చొక్కా, తెల్లని పైజామా, బట్టలకు పెట్టే నీలిమందు, ఒక 16 లీటర్ల పంపు. పంపు కొత్తదై ఉండాలి. మందు ఒక్కసారి పోసిన పంపయినా ఈ పనికి వద్దు, ఎంత కడిగినా లోపల కొంత మిగులుతుంది. ట్యాంకులో నీలం చిక్కగా కలపండి. రోజూ మందు కొట్టే ఒకరిని పిలిచి తెల్లబట్టలు తొడిగించి, "నువ్వు రోజూ ఎలా కొడతావో అలాగే రెండు సాళ్లు కొట్టన్నా" అనండి. మధ్యలో సలహాలివ్వొద్దు.

తిరిగొచ్చాక అతన్ని అందరి మధ్యలో నిలబెట్టి, నీలం ఎక్కడెక్కడ పడిందో జనాన్నే చెప్పమనండి. తొడల ముందు భాగం తడిసిపోయి ఉంటుంది, ఎందుకంటే ముందు కొట్టి ఆ తడిసిన చెట్ల మధ్య నుంచే నడుస్తాడు. నడుము వెనక ఒక పెద్ద మరక ఉంటుంది, ట్యాంకు మూత సరిగా బిగుసుకోక కారింది అది. కుడి అరచెయ్యి నీలం, లాన్సు మీట దగ్గర వాషర్ అరిగింది. పాదాల సంగతి చెప్పనే అక్కర్లేదు. జనం మాస్కు గురించి మాట్లాడటం మానేసి వాషరు గురించి మాట్లాడుకోవడం మొదలుపెడతారు. మనకు కావాల్సిందీ అదే.

ఇప్పుడు రెండో సగం. ఒక చిన్న సీసాలో నీలాన్ని ముద్దగా కలిపి, మూతతో కొలిచి బకెట్లో పోయమనండి. వేళ్లు చూపించమనండి. నీలం అంటని చెయ్యి దాదాపు ఉండదు. ఇక్కడ లెక్క చెప్పండి. లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు కలిపే మందైతే అది 500 రెట్లు పలచబడుతుంది. అంటే సీసాలోని ఒక్క చుక్క వేలికంటితే ట్యాంకులోని 500 చుక్కలు ఒంటి మీద పడ్డట్టు. పొద్దంతా కొట్టేటప్పుడు పడేదాని కంటే, కలిపే ఆ రెండు నిమిషాల్లో పట్టేదే ఎక్కువ కావచ్చు. గ్లౌజులు ఒక్క జతే కొనగలిగితే అవి కలిపేవాళ్ల చేతులకే.

ఇంకో మాట మొహమాటం లేకుండా చెప్పాలి. చర్మం ఒంటినిండా ఒకేలా మందును పీల్చదు. మోచేతి కింది చర్మంతో పోలిస్తే నుదురు నాలుగింతలు, తొడల మధ్య మర్మభాగం పదింతలకు పైగా పీల్చుతుందని పారాథియాన్ మందుతో మనుషులపై చేసిన పరీక్షల్లో తేలింది. మందంటిన చేత్తో నుదుటి చెమట తుడుచుకోవడం, చేతులు కడగకుండా మూత్రానికి వెళ్లడం ఎంత చేటో దీన్నిబట్టి అర్థమవుతుంది. మగవాళ్లు కిసుక్కున నవ్వుతారు, నవ్వనివ్వండి. ఈ మాట మాత్రం మరచిపోరు.

నాలుగో అడుగు: డబ్బా చదవడం

1968 పురుగుమందుల చట్టం కింద ప్రతి డబ్బా మీదా మూలమీద నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉంటుంది, దాని కింది సగంలో రంగు. ఎరుపు అత్యంత విషం, పసుపు తీవ్ర విషం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ తక్కువ. ఖాళీ డబ్బాలను బాగా కడిగి, మూత బిగించి, పాలిథిన్ సంచుల్లో పెట్టి తీసుకెళ్లండి. వాటిని విషం వరుసలో పేర్చమనండి. చదువు రానివాళ్లూ చేయగలిగే పని ఇది.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం బయటపడుతుంది: "ఎర్రదైతే పురుగు గట్టిగా చస్తుంది." ఆ రంగు చెప్పేది మనిషికి ఎంత ప్రమాదమో. పురుగు మీద ఎంత పనిచేస్తుందన్న దానితో దానికి సంబంధం లేదు. కాయతొలిచే పురుగులకు బాగా పనిచేసే క్లోరాంట్రానిలిప్రోల్ డబ్బా మీద ఉండేది ఆకుపచ్చే. అలాగని రంగు ఒక్కటే చూసి ధైర్యపడకూడదు. పారాక్వాట్ గడ్డిమందు మీద ఉండేది పసుపు, కానీ కడుపులోకి పోతే దానికి విరుగుడే లేదు.

మోనోక్రోటోఫాస్ సంగతి విడిగా చెప్పండి. కూరగాయల మీద దాన్ని 2005లోనే ఆపేశారు. 36 శాతం ఎస్‌ఎల్ (నీళ్లలో కరిగే ద్రవం) రకాన్ని 2023లో కేంద్రం పూర్తిగా నిషేధించింది. పాత సీసా ఇంకా ఎవరి అటక మీదైనా ఉందేమో అడగండి. డబ్బా లోపల మడిచి పెట్టే కరపత్రం తెలుగులోనూ ఉంటుంది. అక్షరాలు చీమతలకాయంత, అది వేరే గొడవ. ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చదవడం పిల్లలతో చేయించండి. పంట పేరు, మోతాదు, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలి, విషమెక్కితే ఏం చేయాలి: ఈ నాలుగూ వెతికితే చాలు.

షాపులో ఇచ్చిన చీటీ ప్రకారం మూడు నాలుగు మందులు ఒకే ట్యాంకులో కలిపే అలవాటు మీద కూడా ఇక్కడే గట్టిగా మాట్లాడండి. 2021లో నల్ల తామర పురుగు మిరపను ముంచెత్తినప్పుడు రైతులు ఏది దొరికితే అది కలిపి కొట్టారు, తోటలు మాత్రం దక్కలేదు. నా మట్టుకు నేను ఒకే మాట చెబుతాను: లేబుల్ మీద కలపమని రాయని మందులు కలపొద్దు. బిల్లు లేని సీసా కొనొద్దు. బిల్లు లేకపోతే లోపల ఏముందో ఆస్పత్రిలో డాక్టరుకు కూడా తెలియదు.

ఐదో అడుగు: కొట్టక్కర్లేని పిచికారీని ముందు తీసేయించండి

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త ఇదే. పక్క చేనువాడు కొట్టాడని కొట్టడం మాన్పించండి. పత్తిలో పచ్చదోమ ఆకుకు రెండు పిల్లపురుగులు దాటితేనే మందు. గులాబీ రంగు పురుగుకు లింగాకర్షక బుట్టలు (ఆడపురుగు వాసనతో మగ రెక్కల పురుగులను పట్టేవి) పెట్టి, బుట్టకు రోజుకు ఎనిమిది చొప్పున మూడు రోజులు వరుసగా రెక్కల పురుగులు పడితేనే మందు. చేలో ఇరవై మొక్కలు తిరిగి ఆకులు తిప్పి లెక్కపెట్టించండి. ఇది పొలంబడి (రైతులు చేలోనే చూసి నేర్చుకునే బడి) పద్ధతే, కొత్తదేమీ కాదు. ఖమ్మం ప్రాంతంలోని పునుకుల అనే ఊరి రైతులు ఈ శతాబ్దం మొదట్లోనే రసాయన మందులు మానేసి పత్తి పండించారని చెబితే నమ్మనివాళ్లు కొందరుంటారు. మానేయమని పట్టుబట్టొద్దు. పదిసార్లు కొట్టేది ఆరుసార్లకు తగ్గినా ఆ నాలుగుసార్ల విషం ఎవరి ఒంటికీ పట్టదు.

ఆరో అడుగు: కలపడం, తొడుక్కోవడం, కొట్టడం చేతులతో చేయించండి

కలిపే చోటు ఇంటి ముంగిట్లో కాదు, బావి దగ్గరా కాదు. చేను గట్టున, పిల్లలకూ గొడ్లకూ దూరంగా. ముందుగా ఒక బకెట్ మంచినీళ్లు, సబ్బు పక్కన పెట్టుకున్నాకే మూత తీయాలి. మూతతో కొలవొద్దు, కంపెనీకో సైజు ఉంటుంది. గీతలున్న కొలగిన్నె పదీ ఇరవై రూపాయల్లో దొరుకుతుంది. డబ్బాను నడుము కంటే కిందుగా పట్టుకుని, గాలి మన వైపు కాక పక్కకు పోయేలా నిలబడి పోయాలి. కర్రతో కలపాలి. కొలగిన్నెను, ఖాళీ అయిన డబ్బాను కడిగిన నీళ్లు ట్యాంకులోకే.

బట్టల దగ్గర నిజం ఒప్పుకోండి. ఉక్కపోతలో ప్లాస్టిక్ సూట్ వేసుకుని ఏ మనిషీ ఎకరం కొట్టలేడు. పుస్తకంలో ఉన్న బొమ్మ చూపించి ఇలా ఉండాలంటే మీ మాట అక్కడితో సరి. నూలు ఫుల్ చొక్కా, ప్యాంటు, టోపీ, మూసి ఉన్న బూట్లు మొదటి మెట్టు. ప్యాంటు బూట్ల మీదికి రావాలి, లోపలికి దోపకూడదు. ముందు వైపు మోకాళ్ల దాకా పాలిథిన్ షీటు, ట్యాంకు ఆనే వీపు మీద ఇంకొకటి కట్టుకుంటే నీలం నీళ్లలో చూసిన రెండు పెద్ద మరకలూ పోతాయి. కళ్లద్దాలు కలిపేటప్పుడు తప్పనిసరి. గ్లౌజులు రబ్బరువి లేదా నైట్రైల్‌వి కావాలి, గుడ్డవి మందును పీల్చుకుని చేతికి పట్టిస్తాయి. కిందికి కొట్టేటప్పుడు చొక్కా చెయ్యి గ్లౌజు పైకి రావాలి. ఎత్తు చేలో పైకి కొట్టేటప్పుడు గ్లౌజు చొక్కా పైకి రావాలి. లేకపోతే కారిన మందు లోపలికే పోతుంది. ముక్కుకు కట్టుకునే తువ్వాలు తడిసిందంటే మందును నోటి దగ్గరే పట్టి ఉంచుతుంది. ఎన్95 మాస్కు తుంపరను ఆపుతుంది, ఆవిరిని ఆపలేదు. ఆ తేడా చెప్పండి.

గాలి వాటం చేలో నిలబడి చూపించాలి. పిడికెడు దుమ్ము వదిలితే దిశ తెలుస్తుంది. గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంటే తూర్పు గట్టున మొదలుపెట్టి, గాలికి అడ్డంగా నడుస్తూ, సాలు సాలుకూ పడమరకు జరగాలి. అప్పుడు తుంపర మందు కొట్టేసిన సాళ్ల మీదికి పోతుంది, కొట్టేవాడు ఎప్పుడూ పొడి చేలోనే ఉంటాడు. సాళ్లు అనుకూలంగా లేకపోతే లాన్సును గాలి పోయే వైపు పక్కకు పట్టాలి. కొమ్మలు ఊగేంత గాలి ఉంటే ఆ పూట మానుకోవాలి. ఇంజనుతో నడిచే తైవాన్ పంపులు వచ్చాక తుంపర సన్నబడి ఎక్కువ దూరం పోతోంది, పక్క చేలో కలుపు తీసే ఆడవాళ్లున్నారేమో చూసి మరీ మొదలుపెట్టాలి.

నాజిల్ పూడుకుపోతే నోటితో ఊదే అలవాటు ఎక్కడా పోలేదు. ప్రతి ఒక్కరికీ ఒక పాత టూత్‌బ్రష్ ఇచ్చి పంపు పట్టీకి దారంతో కట్టించండి. ఇంత చవకైన రక్షణ ఇంకోటి లేదు. మందు పనిలో బీడీ, తంబాకు, గుట్కా జేబులో కూడా ఉండకూడదు.

ఏడో అడుగు: ఇంటికి చేరాక

గ్లౌజులను తీయకముందే చేతికుండగానే సబ్బుతో కడగాలి, తర్వాత తీయాలి. ఇంట్లోకి అడుగుపెట్టకముందే స్నానం. మందు పనికి ఒకే జత బట్టలు కేటాయించి వాటిని మిగతా బట్టలతో కలపకుండా, గ్లౌజులు తొడుక్కుని, సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. చెరువులో, కాలువలో జాడించొద్దు. ఇదంతా ఆడవాళ్ల పూటలో చెప్పి ఊరుకుంటే చాలదు. తన బట్టలు తానే ముందు ఒకసారి జాడించి ఇవ్వమని మగవాళ్లకూ చెప్పండి.

ఖాళీ డబ్బాల దగ్గర గండామన్ పేరు చెప్పండి. 2013 జులై 16న బీహార్‌లోని సరన్ జిల్లా గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనె తెచ్చింది మోనోక్రోటోఫాస్ ఉన్న డబ్బాలో. ఇది విన్నాక డబ్బాలో కిరసనాయిలు పోసుకుంటామని ఎవరూ అనరు. డబ్బాలో పావువంతు నీళ్లు పోసి, మూత బిగించి అర నిమిషం ఊపి ట్యాంకులో పోయాలి. అలా మూడుసార్లు. తర్వాత అడుగున మేకుతో పొడవాలి. తగలబెట్టొద్దు, ఆ పొగ కూడా విషమే.

మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టడం మరో పాడలవాటు. పెట్టెకు తాళం వేస్తే పిల్లలకు అందదు. అయితే ఆవేశంలో మందు తాగడాన్ని తాళం ఒక్కటే ఆపుతుందనుకోకండి. శ్రీలంకలో ఇంటింటికీ తాళం పెట్టెలిచ్చి చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి, తేడా కనిపించలేదు. ఆ పూటకు ఎంత కావాలో అంతే కొని, ఇంట్లో నిల్వ లేకుండా చూసుకోవడమే మేలు.

ఎనిమిదో అడుగు: విషమెక్కినప్పుడు

తలనొప్పి, కళ్లు మసకబారడం, చెమటలు, నోట్లో నీళ్లూరడం, వాంతి, కడుపులో మెలిపెట్టడం, కండరాలు అదరడం, ఊపిరాడకపోవడం. ప్రొఫెనోఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు పట్టినప్పుడు కనిపించేవి ఇవి. కంటిపాప సూదిమొనంత అవుతుంది. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగి చెట్టు కింద పడుకోవడం వల్ల పోయే గంటే ప్రాణం మీదికి తెస్తుంది. మందు కొడుతుండగా వీటిలో ఏ రెండు కనిపించినా పంపు దించేయాలి. మనిషిని చేలోంచి గాలాడే చోటికి తెచ్చి, బట్టలు విప్పి, సబ్బు నీళ్లతో ఒళ్లంతా కడగాలి. కడిగేవాళ్లు గ్లౌజులు తొడుక్కోవాలి. కంట్లో పడితే పావుగంట సేపు నీళ్లు పారించాలి. స్పృహ తప్పితే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మింగినా సరే, ఉప్పునీళ్లు, చింతపండు నీళ్లు, పేడనీళ్లు పట్టి కక్కించొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

108కి ఫోన్ చేయాలి. డబ్బా చేతిలో పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాలి. ఆర్గానోఫాస్ఫరస్ అయితే అట్రోపిన్ పనిచేస్తుంది, ఇంకొకటైతే వైద్యం వేరు. డబ్బా పేరు తెలిస్తేనే డాక్టరుకు దారి దొరుకుతుంది. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800-116-117, అక్కడికి డాక్టర్లూ ఫోన్ చేయొచ్చు. ఒకర్ని పడుకోబెట్టి ఇదంతా నటించి చూపించండి. డబ్బా తెచ్చే పని ఎవరిది, బండి ఎవరిది అని పేర్లతో సహా ఖాయం చేయించండి.

తొమ్మిదో అడుగు: మళ్లీ చేలకు వెళ్లండి

రెండు వారాల తర్వాత, మందు కొట్టే పూట చూసి వెళ్లండి. హాజరు పట్టికతో మీకు పనిలేదు. పంపుల మూతలు కారుతున్నాయా, టూత్‌బ్రష్ కట్టి ఉందా, గట్టున సబ్బు ఉందా, ఖాళీ డబ్బాలు కాలువలో ఉన్నాయా సంచిలో ఉన్నాయా: ఇవి చూసి రాసుకోండి. జేబులో వాషర్లు, ఒక స్పానర్ పెట్టుకెళ్లండి. కారే పంపును అక్కడికక్కడే బాగుచేసి ఇస్తే, వచ్చే ఏడు మీటింగుకు పిలవకుండానే వస్తారు. సబ్బు లేని గట్లే ఎక్కువ కనిపిస్తే, తర్వాతి ఊళ్లో చూపే పద్ధతి మార్చి, నీలం నీళ్ల పూటే ఇంటికో సబ్బు చేతికిచ్చి పంపండి.